తాండూరులో సముద్రం

తాండూరు స్టేషన్‌లో వికారాబాద్ రైలు కోసం కూర్చుంటే, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. సముద్రం అడుగున పక్కకు ఒరిగిపోయిన పాత ఓడ. పైనుంచి నీళ్లలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి అడుగుకు పటం గీస్తారట. అదే ఆమె ఉద్యోగం.

"ఎప్పుడన్న కిందికి దిగినవా బిడ్డా?" అన్నాను.

"ఏడ చాచా! గంత లోతుకు మనిషి పోతడా?" అని నవ్వి, చెప్పులు విడిచి నాపబండ నేల మీద నిలబడింది. "గీ బండ కోట్ల ఏండ్ల ముందు సముద్రం అడుగే. ఊరికొస్తే జర గిట్ల నిలబడ్త."

రైలొచ్చేదాకా చెప్పులేసుకోలేదు.

మా ఇంటి నేలా ఆ బండే. వంటింట్లో గిన్నె జారిపడితే ఇప్పుడు నేను, "ఇంకో ఓడ మునిగింది" అంటాను.

"అయితే దిగి తీస్కరాపో" అంటుంది మా ఆవిడ.