మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం

చిన్న చిన్న సంఘాల వాళ్ళ దగ్గరికెళ్ళి, ఆన్‌లైన్ మోసాల్లో పడకుండా ఏం చేయాలో చెప్పడం నా ఉద్యోగం. ఆఫీసు విజయనగరంలో, తిరుగుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ. పాస్‌వర్డ్ మార్చుకోమంటాను, తెలియని లింకు నొక్కొద్దంటాను, ఓటీపీ దేవుడడిగినా చెప్పొద్దంటాను. అందరూ బుద్ధిగా తలూపుతారు. ఆ తలూపుడు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఒక్కరూ చేయరు.

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో చోడిపిండి, అంటే రాగిపిండి, పట్టించి అమ్మే ఆడవాళ్ళ సంఘం ఉంది. లెక్కలన్నీ చూసేది ఒక పెద్దావిడ. నేను అప్పా అంటాను, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. సంఘం ఖాతా నడిచేది ఆవిడ ఫోన్లోనే. పక్క ఊరి సంఘం సొమ్ము ఒక్క ఫోన్ కాల్‌తో ఊడ్చుకుపోయిందని విని, తనే నాకు కబురు పెట్టింది. సొంత పిండిమర కొనడానికి అందరూ కూడబెట్టిన డబ్బు ఆ ఖాతాలో ఉంది.

"అది గాని పోతే నాను ఈ ఊల్లో తలెత్తుకోగలనేటి బావూ?" అంది.

అన్నీ చెప్పాను. చివర్లో, "అనుమానం రాగానే ఫోన్ పెట్టెయ్యప్పా, అంతే" అన్నాను. అప్ప నోరెళ్ళబెట్టింది.

"మనిసి మాటాడతంటే మద్దెన ఎట్టేత్తారేటి? ఆడేటనుకుంటాడు?"

"వాడు దొంగప్పా!"

"దొంగైతే మాత్తరం? మొకమ్మీద ఎట్టేత్తే బాగుంతాదేటి?"

అసలు చిక్కు ఎక్కడుందో అప్పుడర్థమైంది. మా వైపు ఫోన్ పెట్టాలంటే ముందు ఇంటిల్లిపాదీ, గొడ్డూ గోదా కూడా ఎలా ఉన్నారో అడగాలి. ఈలోపు దొంగ పని తీరిగ్గా అయిపోతుంది.

ఇక రిహార్సల్స్ మొదలుపెట్టాను. పక్క గదిలోంచి నేనే ఫోన్ చేసి బ్యాంకు వాడిలా మాట్లాడేవాణ్ణి. మొదట్లో అప్ప ఆ బ్యాంకు వాడి పిల్లల చదువులు కనుక్కుంది. తరవాత "ఉంతాను మరి, ఏటీ అనుకోకు నాయనా" అని పెట్టింది.

"దొంగ దగ్గర సెలవు తీసుకుంటావేటప్పా!" అని అరిచాను. సంఘంలో మిగతావాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఎలాగైతేనేం ఒకసారి టక్కున పెట్టేసింది, వెంటనే నా గదిలోకి పరిగెత్తుకొచ్చి "కోపమొచ్చిందేటి బావూ?" అని అడిగింది.

కొన్నాళ్ళకి నిజంగానే వచ్చింది ఆ ఫోను. ఖాతా ఆగిపోతుంది, ఓటీపీ చెప్పమన్నాడట. అప్ప పెట్టేసింది. వాడు మళ్ళీ చేశాడు. ఇది పూర్తి చేయకపోతే ఉద్యోగం ఊడుతుందమ్మా, ఇంట్లో చంటిపిల్ల ఉంది అని ఏడ్చాడట. అప్ప మళ్ళీ పెట్టేసింది, ఆ నంబరు మీద ఫిర్యాదు కూడా చేయించింది.

సంగతి తెలిసి స్వీట్ల డబ్బాతో ఎగురుకుంటూ వెళ్ళాను. ఇన్నేళ్ళలో నా మాట విని గట్టెక్కిన వాళ్ళని చూడడం అదే మొదలు, గర్వంగా ఉండదూ! అందరూ తీసుకున్నారు. అప్ప మాత్రం గోడకి చేరబడి కూర్చుంది, చెయ్యి చాపలేదు.

"ఏమైందప్పా? మర డబ్బు దక్కింది కదా."

"ఆడు దొంగేనని నాకు తెలుసు బావూ" అని కళ్ళు తుడుచుకుంది. "అయినా ఆడు ఏడత్తంటే ఎట్టేసినాను, సెయ్యి కూడా వొనకలేదు. రేపు నిజంగా ఏడిసేవోడు ఫోను సేసినా అలాగే ఎట్టేత్తానేమో."