లారీ ఉద్యోగానికి నేను గీసిన నిచ్చెన

మా మనవరాలికి పెద్ద బండి లైసెన్సు చేతికొచ్చిన రోజున వాళ్ళమ్మ ఏడ్చింది. నేను స్కేలు తెమ్మన్నాను.

ఆ పిల్ల బెంగళూరు హూడిలో ఒక ఆఫీసులో రెండేళ్ళు కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ రెండేళ్ళలో తను నేర్చుకున్నదల్లా, అలా కూర్చోవడం తనవల్ల కాదని. మానేసి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ముందు చిన్న బండికి, ఏడాది గడిచాక లారీకి లైసెన్సు తెచ్చుకుంది.

"కూర్చోవడం పడదంటివి, లారీలో నిలబడి తోలతావా?" అని అడిగాను.

"కూర్చునే తోలతా అమ్మమ్మా. కానీ ఎదురుగా ఉన్నది మారుతుంటుంది కదా," అంది.

ఆ జవాబు బాగుంది. అందుకే నాకు నచ్చలేదు.

నేను నర్సుగా చేరి నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని. సగం జీవితం డ్యూటీ చార్టులు గీయడంలోనే గడిచింది. ఉద్యోగమంటే నా మనసులో నిచ్చెనే. ఏ మెట్టు మీద ఎన్నాళ్ళుండాలి, ఏ తేదీకి పై మెట్టు ఎక్కాలి అన్నది చేరిన రోజే తెలిసి ఉండాలి. లారీ వాళ్ళకి అలాంటి నిచ్చెన ఉన్నట్టు ఎక్కడా వినలేదు. వాళ్ళ దగ్గర స్కేలు లేక అలా జరిగిందని తేల్చుకున్నాను.

పోయినేడాది నాటి చర్చి క్యాలెండరులోంచి ఒక కాగితం చించి, వెనక వైపు గీతలు కొట్టాను. మొదటి ఏడు, ఊళ్ళో తిరిగే లారీ. మూడో ఏడు, పక్క రాష్ట్రాలకి పోయే పెద్ద లారీ. ఐదో ఏడు, ట్రైలరు. ఎనిమిదో ఏట కొత్త డ్రైవర్లకి శిక్షణ. పదో ఏట ఆఫీసులో కుర్చీ, కింద డ్రైవర్లు, చేతిలో డ్యూటీ చార్టు. మెట్టు మెట్టుకీ ఎర్ర సిరాతో తేదీ వేశాను. ఆ తేదీల్లో ఒకటి ఆదివారం పడితే దాన్ని సోమవారానికి జరిపాను.

మనవరాలు కాగితం కింది నుంచి పైకి చదివింది.

"పదో ఏటికి నేను డ్రైవింగే మానేస్తానా?"

"అదేనే ఎదుగుదలంటే."

"అంటే బాగా తోలితే శిక్షగా దించేస్తారా?"

నాకు కోపం వచ్చింది. నేను ఎక్కిన పై మెట్టు మీద కూడా రోగులు లేరు మరి. ఫైళ్ళే ఉండేవి. ఆ సంగతి అప్పట్లో నాకు లోటుగా తోచలేదు. కుర్చీ చాలా బాగుండేది.

బొమ్మసంద్రలో ఫ్యాక్టరీల సరుకు తోలించే ఒక లారీ ఓనరు, తోలి చూపించమని మనవరాలిని రమ్మన్నాడు. అంతకు ముందు ఇద్దరు ఓనర్లు ఆడపిల్ల అని వినగానే ఫోను పెట్టేశారు. అందువల్ల ఇది పోతే మళ్ళీ హూడి ఆఫీసే గతి అని దాని భయం. ఒక్కతే వెళ్తానంది. పరీక్షకు వెంట పెద్దవాళ్ళు ఉండాలని నేనూ బయల్దేరాను. కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కి, రెండు చోట్ల రైలు మారి, చెప్పిన టైముకన్నా గంట ముందే దిగాం. ఆ గంటా అది గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది. కొరకొద్దని నేను చెబుతూనే ఉన్నాను.

ఓనరు తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మనవరాలు నోరు విప్పేలోగా నేనే మొదలుపెట్టాను. ఆదివారం ఆరాధనకి సెలవు ఉంటుందా? అపాయింటుమెంటు ఆర్డరు ఎప్పుడిస్తారు? ప్రమోషను ఎన్నేళ్ళకి?

"ప్రమోషనా?" ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "లారీ ఎక్కేదే ప్రమోషను కదమ్మా. పని ఈ పాపకి కావల్లా, మీకు కావల్లా?"

మనవరాలు నా చీర కొంగు లాగింది. నేను పట్టించుకోకుండా సంచీలోంచి నిచ్చెన తీసి బల్ల మీద పరిచాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసే కొద్దీ ఆయన ముఖంలో గౌరవం పెరగడం నాకు కనిపించింది. నేను నిటారుగా కూర్చున్నాను.

"ఇంత నీటుగా మా ఆడిటరు గూడా రాయడమ్మా. నా దగ్గర డ్రైవర్లు దండిగా ఉండారు. ఎవడు ఎప్పుడు ఎక్కడుండాడో రాసిపెట్టేవాళ్ళే లేరు. పాప చదువుకున్న పిల్ల. సుమ్నే, ఊరికే లారీ ఎందుకు? రేపట్నుంచి ఈ కుర్చీలో కూర్చోమనండి. పదేండ్లు కాయల్సిన పని లేదు."

నేను వేసిన ప్లాను టీ చల్లారే లోపలే పూర్తయిపోయింది. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కన్నా ఎక్కువే, నాకు గర్వంగా అనిపించింది. తర్వాత మనవరాలి వైపు చూశాను. అది ఆయన చూపించిన కుర్చీ వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయట నిలబడిన లారీలను చూస్తోంది. కాదంటే ఆయన నొచ్చుకుని రెండూ ఇవ్వడేమో. అవునంటే హూడిలో వదిలి వచ్చిన కుర్చీ లాంటిదే ఇక్కడ ఇంకోటి. మళ్ళీ గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

ఇంత గోల చేసింది నేను గనక, సర్దాల్సిందీ నేనే.

"ఈ పిల్ల ఆఫీసుకి పనికిరాదండీ," అన్నాను.

"ఏంటికమ్మా?"

"లెక్కలు రావు. పదో తరగతిలో ముప్పై ఆరు మార్కులు, అదీ నేను రోజూ పక్కన కూర్చుంటే. తన రాత తనకే అర్థం కాదు. ఇక సెలవంటారా, అడిగిన ప్రతివాడికీ ఇచ్చేస్తుంది. మీ లారీలన్నీ ఇక్కడే నిలబడిపోతాయి."

"అమ్మమ్మా, మార్కులు కూడా చెప్పాలా?" అని మనవరాలు పళ్ళ మధ్య నుంచి అంది.

"ఆయన అడిగారు కదే."

"మరి ఈ ప్లాను?" అని ఓనరు కాగితం ఎత్తి చూపించాడు.

"అది తప్పండీ. కింది మెట్టు ఒక్కటి ఉంచండి, మిగతాది చించేయండి."

నా జీవితంలో నేను గీసిన చార్టును చించమని నేనే చెప్పడం అదే మొదటిసారి. ఆయన గట్టిగా నవ్వి, తాళాలు తీసుకుని లేచాడు. "రా పాపా. ఆ రెండు లారీల సందులో ఈ లారీని రివర్సు పెట్టి, గోడౌను గట్టుకి ఆనించు. చూస్తాము."

సందు చూస్తే నాకు సైకిలు పట్టేంతే అనిపించింది. మనవరాలు ఎక్కింది. లారీ వెనక్కి వచ్చింది, మెల్లగా, కొంచెం వంకరగా. సగంలో ఆపేసింది. తలుపు తీసుకుని కిందికి దిగింది.

అయిపోయింది అనుకున్నాను. సగంలో దిగేసింది, ఇక ఇంటికే అనుకుని నా సంచీ భుజానికి తగిలించుకున్నాను. వెళ్ళేముందు ఆయనకి ఏం క్షమాపణ చెప్పాలో వరసగా పేర్చుకుంటున్నాను కూడా.

అది లారీ వెనక్కి నడిచి వెళ్ళి, గట్టు ఎంత దూరముందో వంగి చూసి, మళ్ళీ ఎక్కింది. ఈసారి లారీ తిన్నగా వెనక్కి వచ్చి గట్టుకి ఆని ఆగింది.

"దిగి చూసినాది," అన్నాడు ఓనరు. "మా వాళ్ళు దిగరమ్మా. నామోషీ. గుద్దినాక దిగతారు." తర్వాత ఆఫీసు వైపు తిరిగి, "నిమ్మకాయలు తేప్పా!" అని కేకేశాడు.

నిమ్మకాయలు దేనికో ముందు నాకు అర్థం కాలేదు. అవి ముందు చక్రాల కింద పెట్టడం చూశాక తెలిసింది, లారీ మనవరాలి చేతికి ఇచ్చేశాడని.

"ఈ పొద్దే హొసూరుకి లోడుండాది. మా పాత డ్రైవరు పక్కన కూర్చుంటాడు, భయం లేదు," అని నా వైపు చూశాడు. "మీరు చర్చికి పోయేవాళ్ళు గదా, నిమ్మకాయ పెడితే ఏమీ అనుకోరు కదా?"

"మీది మీరు కానివ్వండి. నేను ఇటు పక్క ప్రార్థన చేసుకుంటాను," అన్నాను.

బంపరు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. బ్రేకుల గురించి, టైర్ల గురించి, ఇంజను గురించి విడివిడిగా అడిగాను. హొసూరు దారిలో వచ్చే ఫ్లైఓవర్లను వరసగా అప్పగించాను. ఎదురుగా వచ్చే బస్సులకు మంచి బుద్ధి ఇమ్మన్నాను. టూ వీలర్ల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి హారను మోగింది. కళ్ళు తెరిచి చూస్తే మనవరాలు కిటికీలోంచి సగం బయటికి వంగి ఉంది.

"అమ్మమ్మా, ఆమెన్ అనవే తల్లీ. లోడు లేటవుతోంది!"

ఆమెన్ అని పక్కకి జరిగాను.