బస్సులో అడిగిన ఇంటిపేరు

అమ్మ యూరిన్ రిపోర్టు పట్టుకుని కాకినాడ బస్సులో కూర్చున్నాను. అందులో ‘బాసిల్లై’ అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. చిన్నప్పుడు క్షయ పాఠంలో చదివిన మాట అది.

పక్క సీటాయన రొయ్యల రైతు. ఒళ్లో చెరువు నీళ్ల సీసా, ఏదో పొడి ప్యాకెట్ ఉన్నాయి. నా రిపోర్టులోకి తొంగిచూసి, తన ప్యాకెట్ నాకు చూపించారు. దాని మీదా ‘బాసిల్లస్’ అనే ఉంది.

“ఈ బ్యాక్టీరియా సన్న కర్రముక్కల్లా ఉంటాయని ఆ పేరండి. వీటిని నేనే బెల్లం నీళ్లలో పెంచి చెరువులో పోస్తాను, రొయ్యకి మంచిదని. రొయ్యని చంపేవీ ఇంచుమించు ఆ ఆకారమే. ఆకారం చూసి ఏం చెప్తామండి? ల్యాబులో దాన్ని పెంచి చూస్తారు, ఆ కల్చర్ రిపోర్టులో పూర్తి పేరు రానివ్వండి, డాక్టరుగారు దానికి తగ్గ మందు రాస్తారు.”

నా మనసు కాస్త కుదుటపడింది. అలవాటు కొద్దీ అడిగాను. “మీ ఇంటిపేరేంటండి?”

ఆయన ప్యాకెట్ సంచిలో పెట్టుకుంటూ నవ్వారు. “అది తెలిస్తే నేనెలాంటివాణ్ణో తెలిసిపోతుందాండి?”

అమ్మకి మందులతో తగ్గిపోయింది. కొత్తవాళ్లు పరిచయమైతే ఆ ప్రశ్న ఇప్పటికీ నా నోటిదాకా వస్తుంది. ‘మీది ఏ ఊరండి?’ అని అడిగి ఊరుకుంటాను.