యార్కర్లేసి ఓడిపోయిన

కంప్యూటర్ గేమ్ల కీబోర్డు ముట్టనోని చేతిల ఓడిపోయినోన్ని ఎప్పుడన్న చూసిండ్రా? చూడుండ్రి, మీ ముంగట్నే కూసోని చాయ్ తాగుతుండు. నవ్వకుండ్రి, మస్తు మండుతుంది నాకు!

మన బాన్సువాడ టీమ్ల ఓపెనింగ్ అంటే ఒక ఎండ్ల కెప్టెన్ అన్న, ఇంకో ఎండ్ల నేను. గిది మీకు ఎరుకే. మా అక్క మొగడు, బీర్కూర్ బావ, మొన్న ఈడ ఎరువుల దుకాణం పెట్టిండు. వచ్చిండో లేదో, "బామ్మర్దీ, ఐతారం బిచ్కుందోళ్లతోని మ్యాచ్ల ఓపెనింగ్ నేను పోత," అన్నడు. కాదంటే ఇంట్ల అక్కతోని లొల్లి. కెప్టెన్ అన్న నెత్తి గోక్కుంటుండు. నేనే ఎక్కువ తెలివికి వోయి, "కంప్యూటర్ల చెరొక ఇన్నింగ్స్ ఆడుదాం బావా, గెలిసినోడే ఓపెనింగ్," అన్న. బావకు కంప్యూటర్ స్విచ్ ఏడుంటదో తెల్వదు. నేనేమో కంప్యూటర్ సెంటర్ల సారును!

ఇగ మా సెంటర్ల ఉన్నది ఒక్కటే గేమ్ సీడీ, కొత్తది, బేస్‌బాల్. నేనెన్నడు ఆడలే. అయితేంది? బ్యాట్ ఉంది, బాల్ ఉంది. అట్ట మీద శానా రాసిండు. గాలి ఎటు కొడితే బాల్ అటు వంగుతదంట, బౌలర్ అలిసిపోతే స్పీడ్ తగ్గుతదంట, జనం నిజంగ ఒర్లినట్టే ఒర్లుతరంట. గివన్ని బావకు లెక్చర్ ఇచ్చిన. ఎట్ల గెలుస్తరో మాత్రం సదువలే.

ఫస్ట్ బ్యాటింగ్ నాది. చూస్తే వికెట్లే లెవ్వు! గ్రౌండేమో పతంగి లెక్క ఉంది. పోనీ తియ్ అనుకున్న. బాల్ రాంగనే కీపర్ ఎనుకకు మెల్లగ తిప్పిన, నా పేరు మోసిన షాట్ గదా! పోయి జనంల పడ్డది. "సిక్స్!" అని ఎగిరిన. మళ్ల గట్లనే కొట్టిన. "ఇంకో సిక్స్!" స్కోర్ చూస్తే సున్న. ఖరాబైందేమో అని మానిటర్ నెత్తిన రెండు సరిసిన. తర్వాత బాల్ తగలలే, ఔటన్నడు. గిట్ల ముగ్గురు పోంగనే నా ఇన్నింగ్సే అయిపోయిందంట!

"మిగిలినోళ్లు ఏడికి పోయిండ్రన్నా?"

"నన్నడుగుతవేంది? సారువు నువ్వే గదా," అన్నడు మా పోటీ చూడనీకొచ్చిన కెప్టెన్ అన్న.

ఇగ బావ బ్యాటింగ్. "ఏ బటన్ ఒత్తాలె బామ్మర్దీ?" అన్నడు. "ఆడుతుంటే అదే తెలుస్తది బావా," అన్న. కావాలనే చెప్పలే. బావ మిర్చి బజ్జి తినుకుంట చూస్తుండు. నేను యార్కర్ ఏసిన, సీదా కాళ్ల కాడ. బావ కదలలే. మళ్ల యార్కర్, ఇంకోటి, ఇంకోటి. బ్యాట్స్‌మన్ బ్యాట్ పారేసి మెల్లగ నడుసుకుంట పక్కకు పోయిండు. "చూసినవా బావా, నా యార్కర్‌కు బెదిరి ఎల్లిపోయిండు!" అన్న. ఇంకోడొచ్చిండు, వాడు గట్లనే పోయిండు. మూడోవాడు కూడ. నేను తొడ గొట్టుకుంటున్న. నాలుగోవాడు పోంగనే పటాకులు పేలినయ్, జనం ఒర్లిండ్రు, బావకు ఒక రన్! నాది సున్న, ఆట ఖతం!

"ఏం జేసినవ్ బావా?"

"నేనేం జేసిన? బజ్జి తింటున్న గదా!"

ఆళ్లు పోయినంక హెల్ప్ తెరిచి సదివిన. ఎనుకకు కొడితే రన్ లేదంట. మోకాలు కిందికి ఏస్తే చెడ్డ బాలంట, గసోంటివి నాలుగైతే బ్యాట్స్‌మన్ ఏం కొట్టకుండనే ముఫ్త్ల కుడి దిక్కు బేస్‌కు, అంటే మూలకేసిన తెల్ల దిండు మీదికి, పోతడంట. బాల్ కొట్టినోడు సుత గాడికే ఉరుకుతడంట, ముందుగాల కాలు వెడితే ఔట్ గాదంట. గసోంటి బేస్‌లు మూడు నిండినంక ఇంకొకడు పోతే రన్నంట. నా గొప్ప యార్కర్లతోని బావను నేనే గెలిపించిన! ఇజ్జత్ పోయింది. రోషమొచ్చి, తిండి తిప్పలు ఇడిసి ఐతారం దాక గదే ఆడిన. ఆట మొత్తం ఒంట వట్టింది.

ఐతారం బావ ఓపెనింగ్ పోయిండు, నన్ను ఆఖరికి పంపిండ్రు. గెలువనీకె ఇంకొక్క రన్ గావాలె. అవుతల ఎండ్ల బావనే ఉన్నడు. నా బ్యాట్‌కు బాల్ మంచిగ తగిలింది. "ఉరుకు బామ్మర్దీ!" అన్నడు బావ. ఉరికిన. బ్యాట్ ఆడనే పారేసి, పిచ్ ఇడిసిపెట్టి, కుడి దిక్కున నిలవడ్డ ఫీల్డర్ మీదికి! వాడు బిత్తరపోయి పక్కకు దుంకిండు. వాడిడిసిన చెప్పులు కనవడితే వాటి మీద కాలు వెట్టి, రెండు చేతులు చాపి నిలవడ్డ. అవుతల బిచ్కుందోళ్లు వికెట్లు వడగొట్టి ఎగురుతుండ్రు, బావ నెత్తి పట్టుకొని కూలవడ్డడు. నేనా? "బేస్ ముట్టిన గదా, ఔటెట్లిస్తవే?" అని అంపైర్‌తోని కొట్లాడుతున్న!