ఆవగింజంత నిమ్మకాయలు

బ్రహ్మచారిగా గడిపిన రోజులు గుర్తొస్తే కొందరికి స్నేహితులు గుర్తొస్తారు, కొందరికి హోటల్ భోజనాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం రంగులు పల్చన చేసే థిన్నర్ వాసన గుర్తొస్తుంది. ఆ రోజుల్లో దేశ రాజధాని శివారు ద్వారకలో ఒక హౌసింగ్ సొసైటీలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాను. ఆ రెండింటిలో ఒకటి నాది, రెండోది యుద్ధ ట్యాంకులది. అసలు ట్యాంకులో డెబ్బైరెండో వంతుండే ప్లాస్టిక్ నమూనాలవి. పెట్టెలో ముక్కలుగా వస్తాయి. పట్టకారుతో ఒక్కో చక్రం అతికించి, రంగులేసి, చివర్లో అది ఎడారిలో తిరిగొచ్చినట్టు కనపడాలని పల్చగా దుమ్ము కూడా పూయాలి. (ఇంట్లో పేరుకున్న అసలు దుమ్ము తుడవడానికి మాత్రం నాకు తీరికుండేది కాదు.) పగలంతా గుర్‌గావ్ ఆఫీసులో కంప్యూటర్‌కి కళ్ళప్పగించి, మెట్రోలో నిలబడి ఇంటికొచ్చి, మిగిలిన చూపంతా ఆ చక్రాల మీద పెట్టేవాణ్ణి. ట్యాంకులు, జీపులు, లారీలు, వంతెనలు మోసే బండ్లు అన్నీ కలిపి వందకు పైనే ఉండేవి. నా ఈడువాళ్ళు ఫ్లాట్లు బుక్ చేసుకుంటుంటే నేను బెటాలియన్లు కట్టుకున్నానన్నమాట.

మా ఇంటి ఓనరు సరిగ్గా నా పై అంతస్తులో ఉండే రిటైర్డ్ కర్నల్. సొసైటీలో అందరూ కర్నల్ సాబ్ అనేవారు. పార్కింగులో ఎవరి చక్రమైనా గీత దాటితే పైనుంచి ఒక దగ్గు వినిపించేది, ఆ దగ్గుకే కార్లు వెనక్కి జరిగేవి. నా థిన్నర్ వాసన వాళ్ళ వంటింట్లోకి పోతోందని ఆయన భార్య విసిగిపోయి, ఒక ఆదివారం ఆయన్ని నా మీదికి పంపింది. ఖాళీ చెయ్యమని చెప్పడానికే వచ్చాడు. తలుపు తీయగానే అల్మరాలు కనపడ్డాయి. అంతే, నన్ను పక్కకి జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో వరసా చూసుకుంటూ నడిచాడు. ఆయన ఉద్యోగమంతా ట్యాంకుల్లోనే గడిచిందని నాకప్పుడే తెలిసింది. ఒక ట్యాంకు ముందు చాలాసేపు నిలబడి, "యే మేరా వాలా హై" అన్నాడు, తనది ఇదేనని. నా గుండె కాస్త కుదుటపడేలోపే, "ఏరియల్ గలత్ జగహ్ లగాయా హై" అని, రేడియో ఏరియల్ పెట్టిన చోటు తప్పని కూడా చూపించాడు.

ఆయన చెప్పిన షరతు సూటిగా ఉంది. దసరా సాయంత్రం సొసైటీలో రావణదహనానికి ఆయన పాత కమాండర్, ఒక రిటైర్డ్ జనరల్, ముఖ్య అతిథిగా వస్తున్నాడు. ఆ జనరల్‌గారికి కమ్యూనిటీ హాల్లో నా బండ్లన్నీ చూపించాలి. అంతా సవ్యంగా జరిగితే బాల్కనీకి అద్దాలు బిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి ఇస్తాడు, నా ఇష్టమొచ్చినంత రంగులేసుకోవచ్చు. తేడా వస్తే రంగుడబ్బాలో, నేనో, ఎవరో ఒకరం నెలాఖరుకి గేటు బయట ఉండాలి. "ఏక్ భీ దాగ్ నహీ చాహియే" అన్నాడు వెళ్తూ వెళ్తూ. ఒక్క మరక కూడా కనపడకూడదట. ఆ మాట నా చెవిలో పండగదాకా మోగుతూనే ఉంది.

నెలరోజులు నిద్ర తగ్గించుకుని పనిచేశాను. ఏరియళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టాను. కర్నల్ సాబ్ రోజూ దిగొచ్చి, హాల్లో బల్ల మీద జల్లించిన ఇసుక పోయించి, అటు మన దళాలు, ఇటు శత్రువువి, మధ్యలో కాలువ అని కర్రతో గీసి చూపించేవాడు. ఆ బల్ల దగ్గర ఆయన గొంతు మారిపోయేది. ఎదుటి పక్షం ట్యాంకులు పెట్టాల్సిన మూలకు మాత్రం కర్ర చివరే తప్ప ఆయన చెయ్యి వెళ్ళేది కాదు. అదంతా క్రమశిక్షణ అనుకున్నాను.

సరిగ్గా పండక్కి రెండు రోజుల ముందు మా అమ్మ తెనాలి నుంచి దిగింది. అల్మరాలన్నీ కలియజూసి, "ఇన్నేళ్ళొచ్చినా బళ్ళతో ఆటలేంట్రా" అని నవ్వి, మా పిన్నికి ఫోన్ చేసి, "అమ్మాయిల పిచ్చి లేదులే, బళ్ళ పిచ్చే" అని కూడా చెప్పింది. ఆ గొంతులో ఉన్నది నిశ్చింతో దిగులో నాకు అర్థం కాలేదు. వీటిల్లో నిజంగా మనుషులు పడతారా అని అడిగితే, నలుగురు కూర్చుంటారని చెప్పాను. "ఆ ఇరుకులోనా" అని చాలాసేపు లోపలికి తొంగిచూసింది.

దసరానాడు పొద్దున్నే నేను హాల్లో ఇసుక చదును చేయడానికి వెళ్ళాను. మధ్యాహ్నం బండ్లు తీసుకెళ్దామని పైకొచ్చి తలుపు తీస్తే అగరొత్తుల వాసన. అల్మరా ముందు అమ్మ చెంగు నడుముకి దోపుకుని నిలబడి హారతి ఇస్తోంది. ప్రతి ట్యాంకుకీ, ప్రతి జీపుకీ, చివరికి ఇంజను మరమ్మతు చేసే లారీకి కూడా ముందు భాగాన తడి గంధం, దాని మీద నిండుగా కుంకుమ బొట్టు. ప్రతి దాని నెత్తినా ఒక బంతిరేక.

"అమ్మా, ఏం చేశావు ఇది?"

"ఏం చేశాను, దసరాకి బళ్ళకి పూజ చెయ్యొద్దూ? నీకు స్కూటరన్నా లేకపోయె. ఉన్నవాటికే చేశాను. నిమ్మకాయలే కుదరలా, ఎంత చిన్నది తెచ్చినా ట్యాంకు దాని మీద ఎక్కి కూర్చుంటోంది. అందుకని ఆవాలు పసుపులో దొర్లించి పెట్టా చూడు."

వంగి చూశాను. నిజమే, ప్రతి బండి చక్రాల కిందా పచ్చటి ఆవగింజలు. (కొలతల విషయంలో నేను పదేళ్ళు తంటాలుపడి నేర్చుకున్నది ఆవిడ పోపులపెట్టె ముందు నిలబడి తేల్చేసింది.) కానీ మెచ్చుకునే స్థితిలో నేను లేను. తడి దూదితో ఒక ట్యాంకు తుడిచాను. కుంకుమ పోలేదు, ట్యాంకు నెత్తంతా గులాబీరంగుకి తిరిగింది. థిన్నర్ అద్దితే కుంకుమతోపాటు నా రంగు కూడా ఊడొచ్చింది. రెండో ట్యాంకు మీద చెయ్యేసేసరికి అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"పండగపూట పెట్టిన బొట్టు చెరుపుతావట్రా?"

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం ముందు నా వాదన ఏదీ నిలవలేదు. బంతిరేకలు మాత్రం ప్రసాదంగా తీసుకోవచ్చని ఆవిడే దయతలిచింది. ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఎన్ని అట్టపెట్టెలు కావాలో మనసులో లెక్క వేసుకుంటూ, రంగు ఊడిన ట్యాంకుకి గబగబా మళ్ళీ రంగేసి, అమ్మ దానికి కొత్త బొట్టు పెట్టాక, బొట్లతోనే సైన్యాన్ని ట్రేల్లో సర్దాను. వెనకాలే అమ్మ ఆవాల డబ్బీ పట్టుకుని లిఫ్టు ఎక్కింది.

కర్నల్ సాబ్ గేటు దగ్గర అతిథి కోసం నిలబడి ఉండటం వల్ల ఆ ఘోరం ముందుగా ఆయన కంటపడలేదు. నేను ఇసుకలో బండ్లు పెడుతూ పోతుంటే అమ్మ నా వెనకే ఒక్కో చక్రం కిందా ఒక్కో ఆవగింజ నొక్కుతూ వచ్చింది. బయట మైదానంలో పిల్లలు రావణుడి చుట్టూ తిరుగుతూ అరుస్తున్నారు. ఇక్కడ నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి తలుపు తెరుచుకుంది. ముందు జనరల్, పక్కనే చాతీ విరుచుకుని మా కర్నల్, వెనక సొసైటీ పెద్దలు. ఆరడుగుల దూరంలో కర్నల్ సాబ్ నడక ఆగిపోయింది. ఆయన దగ్గలేదు. దగ్గినా బాగుండేది.

జనరల్ బల్ల మీదికి వంగాడు. "యే క్యా హై, పీలా పీలా?" అని, ఈ పచ్చటివేంటని చక్రాల కిందికి వేలు చూపించాడు.

"నింబూ, సర్" అన్నాను, అవి నిమ్మకాయలని. ఎవరో కిసుక్కున నవ్వి, కర్నల్ సాబ్ మొహం చూసి మానేశారు. జనరల్ చెయ్యి చాపితే కర్నల్ సాబ్ జేబులోంచి భూతద్దం తీసిచ్చాడు. ఆయన దాన్ని కంటికి ఆనించి మన వరసంతా చూశాడు. కాలువ దాటాడు. అవతలి వరస చూశాడు. తలెత్తి నెమ్మదిగా అడిగాడు, "దుష్మన్ కే టాంక్ కో భీ టీకా లగాయా?"

శత్రువు ట్యాంకులకి కూడా బొట్టా అని. ఆ క్షణం వరకూ నాకది తట్టనే లేదు. నా కళ్ళు మరకలే చూశాయి గానీ ఏ ట్యాంకు మీద ఉన్నాయో చూడలేదు. నేను ఏదో అబద్ధం వెతుక్కుంటుంటే, దుష్మన్, టీకా అన్న రెండు మాటలు పట్టుకుని, ప్రశ్న తననే అడిగారని కనిపెట్టి అమ్మ ముందుకొచ్చింది.

"ఏ బండి ఎవరిదో నాకేం తెలుసండీ అన్నయ్యగారూ. అన్నిట్లోనూ మనుషులు కూర్చుంటారంటగా, మావాడు చెప్పాడు. ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగాలనే కదండీ బండికి బొట్టు పెట్టేది. కొందరికి పెట్టి కొందరికి మానేస్తే ఎట్టా?"

అందరూ నా వైపు తిరిగారు. అనువదించక తప్పలేదు. నాకొచ్చిన ఆఫీసు హిందీలో, మాట మాట కూడబలుక్కుంటూ చెప్పాను. (జనరల్‌గారిని అన్నయ్యగారన్న ముక్క మాత్రం మింగేశాను.) జనరల్ భూతద్దం మడిచి అమ్మకి నమస్కారం పెట్టాడు.

కర్నల్ సాబ్ బల్ల చుట్టూ తిరిగి, ఎప్పుడూ కర్ర చివరే వెళ్ళే ఆ మూలకొచ్చి నిలబడ్డాడు. అక్కడ ఒక శత్రు ట్యాంకు కింది ఆవగింజ ఇసుకలోకి దొర్లిపోయి ఉంది. ఆయన వంగాడు. చూపుడువేలితో ఆ గింజని ఇసుక మీదుగా నెమ్మదిగా తోసి, మళ్ళీ దాని చక్రం కిందికి చేర్చాడు. తర్వాత కూడా చాలాసేపు ఆ ట్యాంకు మీదే చెయ్యి పెట్టుకుని ఉండిపోయాడు.

దీపావళిలోపు నా బాల్కనీకి అద్దాలూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ వచ్చాయి. కర్నల్ సాబ్ ఇప్పుడు లేరు. నాకూ జుట్టు నెరిసింది, ట్యాంకుల దుమ్ము తుడిచే తీరిక కూడా వచ్చింది. తుడుస్తూ తుడుస్తూ ఆ సాయంత్రం తలుచుకుంటే నా మీద నాకే నవ్వూ, దాని వెనకే సిగ్గూ వస్తాయి. ఎందుకంటే ఒక ముసలి సైనికుడు ఎన్నో ఏళ్ళ తర్వాత శత్రువు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఆ క్షణంలో, పక్కనే ఉన్న ఆ కుర్రాడు, అంటే నేను, ఆలోచిస్తున్నది ఒక్కటే: అయ్యో, మధ్యాహ్నం మళ్ళీ వేసిన రంగింకా ఆరలేదు, ఆయన వేలిముద్ర పడిపోతుందే అని.