డెల్మర్ వేసిన అతుకు

డెల్మర్ హస్కిన్స్ దగ్గర అమ్మడానికి చిన్న మేకు కూడా ఉండదు. అయినా ఒహాయోలో, మా జిల్లా మైదానంలో ఏటా సెప్టెంబరులో జరిగే పాత కార్ల సామాన్ల సంతకు అందరికంటే ముందు అతనే వస్తాడు. గేటు పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎవరి దగ్గరికీ వెళ్ళడు, జనమే వస్తారు.

"ఇది దేనిదో చెప్పు డెల్మర్" అంటూ తుప్పు పట్టిన క్లచ్ పెడల్ ఒకటి ఒళ్ళో పడేస్తారు. కళ్ళజోడైనా పెట్టుకోడు మహానుభావుడు. వేళ్ళతో తడిమి, ఇది అరవై తొమ్మిది మోడల్ బండిది, ఈ చిల్లు ఫ్యాక్టరీలో పడ్డది, ఈ రెండోది ఎవడో ఇంట్లో డ్రిల్లు పెట్టి పొడుచుకున్నది అని చెప్పేస్తాడు. కూలి ఒక కాఫీ, చక్కెర చల్లిన ఏనుగు చెవి రొట్టె ఒకటి. ఇంజన్ల గురించి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు.

"మీ ఆవిడ నోరీన్ చెయ్యయినా ఇంత ప్రేమగా పట్టుకున్నావా ఎప్పుడైనా?" అని స్టాన్ కుచ్మా ఆటపట్టించేవాడు. స్టాన్ పక్క దుకాణంలో పాత బంపర్లు అమ్ముతాడు. డెల్మర్ నవ్వి ఊరుకునేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అతను ఒకే ఒక్క పెడల్ కోసం కాచుకుని కూర్చున్నాడని ఎవరికీ తెలియదు.

ఆ పెడల్ అతని కొడుకు ట్రాయ్‌ది. ట్రాయ్ ఎడమ కాలు పుట్టుకతోనే సన్నం. డెబ్బయ్యో సంవత్సరపు షెవెల్ కారు కావాలని పట్టుబట్టి కొనుక్కున్నాడు గానీ, ఆ పెద్ద ఇంజను క్లచ్ తొక్కడం మామూలు కాళ్ళ వాళ్ళకే గగనం. అందుకని డెల్మర్ పెడల్ కాడను కోసి, మధ్యలో రెండంగుళాల ఇనుప ముక్క పెట్టి అతికాడు. కాడ పొడుగైతే తొక్కుడు తేలికవుతుంది. పాదం జారకుండా, తాను పని చేసే కర్మాగారంలో పారేసిన బెల్టు రబ్బరు కోసి పైన తొడిగాడు. ఆ రోజు వీధి చివరిదాకా నడిపి వచ్చి, "ఒంటికాలి మీద డాన్సు చేసినట్టుంది నాన్నా!" అన్నాడు ట్రాయ్.

ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక మార్చి మధ్యాహ్నం, అదే బండిలో రైలు పట్టాల మీద పోయాడు. బండి ఆగే ఉందనీ, లోపలి మనిషి తలుపు తెరిచే ప్రయత్నమే చెయ్యలేదనీ రైలు నడిపినాయన చెప్పాడు. కావాలనే ఆపుకున్నాడని ఊరు గుసగుసలాడింది. ఆ ఉదయం ట్రాయ్ వంటింట్లో, "ఒక్క పది నిమిషాలు కూర్చోమ్మా" అని అడిగితే, షిఫ్టుకు టైమైపోతోందని నోరీన్ వెళ్ళిపోయింది. ఆ మాట భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తిండి మానేసింది.

అప్పుడు డెల్మర్ ఆమె ముందు కూర్చుని, "తప్పు నాది నోరీన్. నా అతుకు విరిగుంటుంది. పెడల్ ఊడితే గేరులోనే బండి చచ్చిపోతుంది, ఇంక కదలదు. వాడికి భయంతో చేతులాడి ఉండవు" అన్నాడు. అది పట్టుకుని ఆమె మళ్ళీ లేచి తిరిగింది. అతన్ని తిట్టింది, శపించింది, ఏడాది పాటు మాట్లాడలేదు. పోనీ, బతికింది. కానీ ఆ మాట నిజమో కాదో డెల్మర్‌కే తెలియదు. అంత్యక్రియలు ముగించుకుని వెళ్ళేసరికి తుక్కు యార్డు వాళ్ళు బండిని ముక్కలు చేసి అమ్మేశారు. నిజంగానే విరిగి ఉంటే చాలు దేవుడా అని ఇన్నేళ్ళూ దండం పెట్టుకున్నాడు.

ఈ ఏడు స్టాన్ ఒక బకెట్ తెచ్చాడు. "యార్డు ముసలాయన పోయాడుగా, ఆయన సామానులో దొరికింది. ఇదెవడి పనోగానీ భలే చేశాడయ్యా" అని ఒక పెడల్ తీసి ఇచ్చాడు.

బొటనవేలికి ముందు రబ్బరు తగిలింది, తరవాత అతుకు. అది తన అతుకే. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి తడిమాడు. కాడ ఎక్కడా విరగలేదు. వెంట్రుకంత పగులు లేదు. క్లచ్ ఊచను పట్టి ఉంచే పిన్ను కూడా దాని చోటులోనే ఉంది. అయ్యో, ఇంకేదైనా ఊడి ఉండకూడదా అని వెతికాడు. వెతకడానికి ఏమీ మిగల్లేదు.

"ఏ బండిది?" అన్నాడు స్టాన్.

"తెలియలేదు" అన్నాడు డెల్మర్. ఒక పెడల్ గురించి జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు. "నేను తీసుకెళ్తాను."

ఇంటికెళ్ళి షెడ్డులో పెడల్‌ను బల్లకున్న వైస్ పట్టులో బిగించి సుత్తి ఎత్తాడు. విరగదే! పాడు చేతులు, ఎంత గట్టిగా అతికాయో. ఏడుస్తూ కొట్టాడు. పదకొండో దెబ్బకు, అతుకు పక్కన ఇనుము విరిగింది. కొత్త ఇనుము మెరుస్తుంటే గ్రీజు పూసి, రెండు ముక్కలూ వంటింట్లోకి తెచ్చాడు.

"దొరికింది నోరీన్. చెప్పానుగా, విరిగింది."

నోరీన్ ముక్కలు అందుకుంది. ముప్పై ఏళ్ళు, ఇనుప రేకులు అచ్చొత్తే ప్రెస్ షాపులో, పగుళ్ళు తనిఖీ చేసిన మనిషి. ఆ సంగతి అతనికి ఆ క్షణం వరకు గుర్తుకే రాలేదు. చేతిగుడ్డతో గ్రీజు తుడిచింది. విరిగినచోట ఇనుము తెల్లగా ఉంది, పక్కనంతా పాత తుప్పు. ఇరవై ఆరేళ్ళ కిందట విరిగుంటే ఇక్కడా తుప్పే ఉండేది.

"అతుకు గట్టిగానే వేశావు డెల్" అంది. ఇరవై ఆరేళ్ళ తిట్లన్నీ ఆ మాటతో వెనక్కి తీసుకుంది. అతనికి అది తిట్టు కన్నా ఘోరంగా తగిలింది.

నోరీన్ కుర్చీలో కూలబడింది. "షిఫ్టుకి పది నిమిషాలు లేటుగా వెళ్తే ఏమయ్యేది డెల్? ఏమనేవాళ్ళు నన్ను?"

డెల్మర్ ఆమె చేతిలోని ముక్కలు తీసుకున్నాడు. ఆమెకు చెప్పడానికి అతని దగ్గర ఇంకో అబద్ధం లేదు.