వేరే పిల్లల రక్తం

తట్టు టీకాలు వేయడం ఒక ఎత్తు, వేశాక ఎందరు పిల్లలకు నిజంగా రక్షణ వచ్చిందో తేల్చడం మరో ఎత్తు. లోయిస్‌ది ఆ రెండో పని. అబిడ్స్‌లో ఒక ఆరోగ్య సర్వే ఆఫీసులో నర్సు. గల్లీలో ఐదిళ్లకొక ఇంటికి వెళ్లి, అక్కడి పిల్లలకు టీకా పడినా పడకపోయినా, వేలు పొడిచి పరీక్షకు రెండు చుక్కల రక్తం కాగితం మీద అద్దుకు రావాలి.

1998లో నాంపల్లి స్టేషన్ వెనక గల్లీకి వెళ్తే, మొదటి ఇంట్లోనే కూలి పని చేసుకునే పూలమ్మ మనవరాలిని కొంగు చాటుకు లాక్కుంది.

"మొన్న సూదన్నరు, గిప్పుడు నెత్తురంటున్నరు. పిల్లల నెత్తురు అమ్ముకొని బతుకుతున్రా ఏంది?"

గల్లీ అంతా నవ్వింది. మర్నాడు వెళ్లి నిదానంగా చెబితే వినేవాళ్లే. కానీ లోయిస్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఈవిడగారు మళ్లీ ఆ గడప తొక్కితే కదా! ఆదివారం చర్చిలో తన సండే స్కూలు పిల్లలను వరుసగా నిలబెట్టింది. ఆంటీ అడిగితే కాదంటారా? కిలకిలా నవ్వుతూ వేళ్లు చాపారు. అందరూ టీకా వేయించుకున్నవాళ్లే. ఆ రక్తాన్నే నాంపల్లి గల్లీదని ఆఫీసులో ఇచ్చింది.

ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. "ఆ గల్లీకి ఇక ఢోకా లేదు లోయిస్. రెండో విడత టీకాల వాళ్లను వేరే బస్తీకి పంపిద్దాం," అన్నారు ఆఫీసు పెద్ద డాక్టర్ అమరేశ్వరరావు. అప్పుడైనా నోరు విప్పవలసింది. తల ఊపి ఊరుకుంది.

ఎండాకాలంలో ఒక ఆదివారం చర్చికి వెళ్తూ ఆ గల్లీ మొదట్లో ఆగిపోయింది. గుమ్మం గుమ్మానికీ వేపమండలు. తట్టు సోకిన ఇళ్లకు కట్టేవి. పూలమ్మ మనవరాలిని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఒళ్లంతా ఎర్రగా పేలింది, డొక్కలు ఎగరేస్తోంది.

"సిస్టరమ్మా, నీ కాళ్లు మొక్కుత, జర దవాఖానకు రా. నువ్వుంటె జల్ది చూస్తరు."

దవాఖానలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. బతుకుతుందనీ అనలేదు, బతకదనీ అనలేదు. సిగ్గుతో చచ్చిపోతూ లోయిస్ వరండాలో నిజం చెప్పేసింది.

"మీ గల్లీ పిల్లల రక్తం నేను తీయనే లేదు పూలమ్మా. వేరే పిల్లలది ఇచ్చి మీదని చెప్పిన. గందుకే టీకాలోళ్లు మళ్ల రాలె."

తిడితే బాగుండుననుకుంది. పూలమ్మ తిట్టలేదు.

"గా దినం నేను తిట్టిన. గందుకేనా సిస్టరమ్మా? నా నోరే గీ పిల్లకు తగిలిందా?"

"కాదమ్మా, తప్పు నాదే."

"గట్లయితె మీ సారుకు జెప్పు. మిగిలిన పోరగాండ్లకన్న సూదులేస్తరు."

లోయిస్ చేతిలో బైబిలుతోనే బషీర్‌బాగ్‌లో డాక్టరుగారింటికి వెళ్లింది. హాలు నిండా చుట్టాలు. ఆయన సంబరంగా ఎదురొచ్చారు.

"రా లోయిస్, రా! నీ గల్లీ సంగతే వీళ్లకు చెబుతున్నా."

"ఆ గల్లీలో నేను ఒక్క పిల్లకూ రక్తం తీయలేదు సార్," అంది అందరి ముందూ.